గొంతు పోయిన సెమిస్టర్

జూలై 8, సోమవారం

గొంతు పోయింది. ఉదయం రెండో పీరియడ్‌లో, నాచుమొక్క జీవితచక్రం సగంలో ఉండగా. 'అందువల్ల' అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. నేను ఆలోచిస్తున్నాననుకుని పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు.

మావారు సగం రోజు సెలవు పెట్టి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ గొంతులోకి చిన్న కెమెరా పెట్టి చూసింది. లోపల స్వరతంత్రుల మీద రెండు కాయలు కాశాయట. ఆవగింజంత కూడా లేవుగానీ నోరు మూయించడానికి అవి చాలట. రెండు వారాలు పూర్తిగా మౌనం, గుసగుసలు కూడా వద్దు, గుసగుస ఇంకా చేటు అంది. రోజుకి ఎంతసేపు మాట్లాడతారని అడిగింది. నా తరఫున మావారు చెప్పారు, క్లాసులు మూడు గంటలండీ, మిగతాది ఎంతో ఆవిడకే తెలీదు అని. మిగతాదంటే ఏంటమ్మా అని డాక్టరు నావైపు తిరిగింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. హాస్టల్ కమిటీ, టైమ్‌టేబుల్, మ్యాగజైన్, కౌన్సెలింగ్, వచ్చే అతిథులకి స్వాగతం, వెళ్ళే అతిథులకి వీడ్కోలు. రెండో చెయ్యి పైకి తీసేసరికి డాక్టరు నవ్వి, గొంతుకే కాదు, వేళ్ళకి కూడా రెస్ట్ ఇవ్వండి అంది.

వచ్చే దారిలో పలక కొనుక్కున్నాను. ఈ డైరీ కూడా. ఇందులో ఎంత వాగినా కాయలు కాయవు.

జూలై 9

అత్తయ్యకి తేడా తెలియలేదు. ఆవిడకి చెవులు వినబడక చాలా ఏళ్ళయింది. మా ఇద్దరిదీ ఎప్పుడూ చేతుల భాషే.

హెడ్‌గారికి డాక్టరు చీటీ చూపించాను. మంచి మనిషి, నిజంగానే నొచ్చుకున్నారు. అయ్యో, మన వృత్తికి గొంతే కదమ్మా పెట్టుబడి అన్నారు. నా థియరీ క్లాసులు ఇంకొకరికి వేశారు. ప్రాక్టికల్స్ మాత్రం ఉంచారు, బోర్డు మీద రాసి చెప్పొచ్చు కదా అని. దండం పెట్టి లేవబోతుంటే, ఎలాగూ క్లాసులు తగ్గాయి గనుక డిపార్ట్‌మెంట్ వార్షిక నివేదిక మీరే చూసెయ్యండమ్మా, మాట్లాడే పని కూడా కాదు అన్నారు. నేను పలక తీసి 'కుద' అని రాసేలోపు ఆయన ఫోనెత్తి మరొకరిని పలకరిస్తున్నారు.

పలక మీద 'కుద' పెట్టుకునే కారిడార్ అంతా నడిచి వచ్చాను. 'రదు' రాసినా చదివేవాళ్ళు లేరు.

జూలై 11, మధ్యాహ్నం

నా గది మెట్ల పక్కన. ఎవరు పైకెక్కినా మొదట కనబడేది నేనే. బస్సు పాస్ మీద సంతకం దగ్గరనుంచి ఇంటి బెంగ దాకా అన్నీ నా బల్ల మీదికే వస్తాయి.

పక్క గది గడియగారిది. అసలు పేరు వేరే ఉంది. ఎప్పుడూ లోపలినుంచి గడియ వేసుకుని పనిచేసుకుంటారు గనుక ఈ పేరు. ఆయనా నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఆయన పని వేర్ల మీద. నా పని వేర్లే లేని నాచు మీద. ఆయన ప్రొఫెసరయి ఐదేళ్ళు దాటింది. నేనింకా అసోసియేట్‌నే. కోపిష్టి కాదు, గర్విష్టి అంతకన్నా కాదు. ఎదురుపడితే ఎంతో మర్యాదగా నవ్వుతారు. ఆ నవ్వు ముగిసేలోపు తలుపు పడిపోతుంది. ఆయన రోజు ఒకే తాను. నాది పేలికలు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళం నలుగురం, మగవాళ్ళు ఎనిమిదిమంది. మగవాళ్ళకి కమిటీలు లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే వాళ్ళ కమిటీలు కూర్చుంటాయి, మా కమిటీలు నిలబడతాయి. కొనుగోళ్ళ కమిటీ సంవత్సరానికి రెండుసార్లు కూర్చుని కాఫీ తాగి సంతకాలు పెట్టి లేస్తుంది. స్వాగత కమిటీ గేటు దగ్గర బొకే పట్టుకుని ఎండలో నిలబడుతుంది.

ఇవాళ నా బీరువా తెరిచాను. ఆరేళ్ళుగా పోగుచేసిన నాచు పొట్లాలు. మా నీళ్ళ ట్యాంకు వెనక గోడ మీద ఒక నాచు ఉంది. చూపుడువేలి గోరంత గుత్తి. అది పుస్తకాల్లో ఎక్కడా లేదని నా అనుమానం. అనుమానం తీర్చుకోవడానికి వరసగా కొన్ని మధ్యాహ్నాలు కావాలి. ఆరేళ్ళుగా అవి దొరకలేదు.

ప్రమోషన్ ఫైలు ఈ సెమిస్టర్ ఆఖరులోపు ఇవ్వాలి. పేపరు లేకుండా ఇస్తే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి.

జూలై 12

తల ఊపడం కూడా మాటే. ఇవాళ మూడుసార్లు ఊపాను. మూడు పనులు అంటుకున్నాయి.

జూలై 15, సోమవారం

ఇది వివరంగా రాయాలి.

స్టాఫ్ మీటింగ్. మొదట మినిట్స్ ఎవరు రాస్తారన్న ప్రశ్న. మేడమ్ ఎలాగూ మాట్లాడరు కదా, రాసేస్తారు అని మా కుర్ర లెక్చరర్ సలహా. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. రాశాను.

తర్వాత కొత్త విద్యార్థుల స్వాగతోత్సవం ఎవరు చూస్తారని హెడ్‌గారు అడిగారు. అడిగి, అలవాటుగా నావైపు చూశారు. మిగతా అందరూ కూడా చూశారు. ఇలాంటప్పుడు గదిలో ఒక మౌనం పడుతుంది. ఇన్నేళ్ళుగా ఆ మౌనాన్ని భరించలేక 'సరేలెండి, నేను చూస్తాను' అనేది నేనే. ఇవాళ అనలేను. తలైనా ఊపుదామని మెడ కదలబోయింది. శుక్రవారం అనుభవం గుర్తొచ్చి మెడ బిగబట్టాను. ఎదురుగా ఉన్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ మాట్లాడలేదు. ఇంకా మాట్లాడలేదు. ఒకావిడ బ్యాగులో ఏదో వెతుక్కుంటోంది. కుర్ర లెక్చరర్ చెప్పు సరిచేసుకుంటున్నాడు. ఇంతలో గడియగారికి దగ్గొచ్చింది. ఉత్త దగ్గు. హెడ్‌గారి మొహం వెలిగిపోయింది. చాలా సంతోషమండీ, మీరు ముందుకొస్తారని నేననుకోలేదు అన్నారు.

గడియగారు నోరు తెరిచారు. నాకు తెలుసు ఆ తెరిచిన నోరు. నేను 'కుద' దగ్గర ఆగిపోయిన నోరే అది. అప్పటికే హెడ్‌గారు తర్వాతి అంశం చదువుతున్నారు.

మినిట్స్‌లో రాశాను: స్వాగతోత్సవ బాధ్యత ఆయన స్వచ్ఛందంగా స్వీకరించారు.

జూలై 16

ఇంటికొచ్చి మావారికి పలక మీద అంతా రాసి చూపించాను. రెండుసార్లు తుడిచి రాయాల్సి వచ్చింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. నువ్వు ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉండుంటే ఈపాటికి వైస్ చాన్సలర్‌వి అయ్యేదానివి అన్నారు.

జూలై 17

పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. మాట్లాడకపోతే ఇంకా ఎక్కువ చెప్పుకుంటున్నారు. ఇవాళ ఒకమ్మాయి రూమ్‌మేట్‌తో గొడవ మొత్తం చెప్పి, ఏడ్చి, మొహం తుడుచుకుని, థాంక్స్ మేడమ్ అని వెళ్ళిపోయింది. నేను చేసిందల్లా మధ్యలో మంచినీళ్ళ సీసా జరపడం. అలా ఉదయమంతా అయిపోయింది.

తర్వాత వచ్చిన కుర్రాడికి పలక మీద రాశాను: పక్క గది. ఆయన తీరిగ్గా ఉన్నారు.

తీరిగ్గా ఉన్నారన్నది అబద్ధం. గడియ తీసిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఈ కారిడార్‌లో ఎలా ఉంటుందో మర్చిపోయాను.

జూలై 19, శుక్రవారం, సాయంత్రం ఐదు

మూడు రోజులుగా మధ్యాహ్నాలన్నీ మైక్రోస్కోపు దగ్గరే. తలుపు వేసి కూర్చున్నాను. మొదటిరోజు మూసిన తలుపు వైపు పదిసార్లు చూశాను, ఎవరికైనా ఏదైనా అవసరమేమోనని. ఇవాళ చూడడం మర్చిపోయాను.

దీని ఆకు అంచున పొడవాటి కణాలు ఒక వరుసగా ఉంటాయి, చీరకి కుట్టిన అంచులాగా. తెలిసిన జాతులన్నిటిలో ఆ అంచు కొన దాకా వెళ్తుంది. దీనిలో సగం దారిలో ఆగిపోతుంది. ఒక ఆకులో కాదు, చూసిన ప్రతి ఆకులో. మిగతా ఏళ్ళ పొట్లాలు కూడా చూడాలి. కళ్ళు మండుతున్నాయి. ఆకలి వేస్తోంది. మధ్యాహ్నం డబ్బా తెరవనేలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంత సంతోషంగా ఆకలి వేసి ఎన్నాళ్ళయిందో.

జూలై 22

డాక్టరు కాయలు బాగా తగ్గాయంది. ఇకనుంచి కొంచెం కొంచెం మాట్లాడవచ్చట. అరవకూడదు, క్లాసు మాత్రం ఇంకో రెండు వారాలదాకా వద్దంది.

బయటికొచ్చాక మావారు, ఏదీ, మొదటి మాట అనండి మేడమ్ గారూ అన్నారు. ఆకలేస్తోంది అన్నాను. గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. ఇద్దరం రోడ్డు మీదే నవ్వుకున్నాం.

తర్వాత ఆయనతో చెప్పాను. గొంతొచ్చిందని కాలేజీలో చెప్పను, పొట్లాలన్నీ చూడ్డం అయ్యేదాకా పలకతోనే ఉంటాను అని. ఆయన నోటి మీద వేలు వేసుకున్నారు. ఇది మోసం అవుతుందా అని అడిగాను. రెండు వారాలు క్లాసు చెప్పొద్దందా లేదా, గొంతుకి రెస్ట్ కావాలా వద్దా అన్నారు. సగం నిజం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

జూలై 24, బుధవారం

గడియగారు నా గదికి వచ్చారు. పక్కపక్కన ఇన్నేళ్ళున్నాం, నా గదిలో ఆయన కూర్చోవడం ఇవాళే చూశాను. ఎక్కడ కూర్చోవాలో తెలియక పిల్లలు ఏడ్చే కుర్చీలో కూర్చున్నారు.

చెప్పుకోవడం మొదలుపెట్టారు. నిన్న పొద్దున్న రాగానే కోర్సు మానేస్తానని ఒక కుర్రాడట. వాడు వెళ్ళేసరికి మైకులవాడి ఫోనట. తర్వాత హాస్టల్లో ఒకమ్మాయికి జ్వరమట. ఆ తర్వాత ఎవరో ఇద్దరు తల్లిదండ్రులట, వాళ్ళబ్బాయి అసలు మన డిపార్ట్‌మెంటే కాదట, అయినా గంటసేపు కూర్చున్నారట. తొమ్మిది రోజులుగా నా పేపరు ఫైలు తెరవలేదు మేడమ్, గడియ తీరిక లేదు అన్నారు. తన పేరు తనే పలికారని ఆయనకి తెలియదు. నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ సరిచేశాను.

బిస్కెట్ల డబ్బా జరిపాను. రెండు బిస్కెట్లు తిన్నాక అడిగారు, ఇదంతా మీరు ఎప్పట్నించి చేస్తున్నారు, మరి మీ పని ఎప్పుడు చేసుకునేవారు అని.

గొంతు ఉంది నాకు. ఎన్నో మాటలు నాలుక మీదికొచ్చాయి. పలక అందుకున్నాను. ఏమీ రాయకుండానే కింద పెట్టాను. ఆయన ఆ ఖాళీ పలకకేసి చూశారు.

నేనెప్పుడూ కాదనలేదు మేడమ్, నన్నెవరూ అడగలేదు, అంతే అన్నారు చివరికి.

నిజమే. ఆయన్ని ఎవరూ అడగలేదు. నన్ను అడగని రోజు లేదు. ఇద్దరం కాదనలేదు. ఆయన ప్రొఫెసరయ్యారు, నేను బొకే పట్టుకున్నాను. కోపం వస్తుందేమోనని చూశాను. వచ్చింది, కానీ ఆయన మీద నిలవలేదు.

తలుపు దగ్గర ఆగి ఇంకో సంగతి చెప్పారు. కోర్సు మానేస్తానన్న కుర్రాడికి పరీక్ష హాలంటే వణుకట. చిన్నప్పుడు నాకు కూడా అంతేరా, చేతులు తడిసి పేపరు చిరిగేది అని చెప్పారట. ఈ మాట నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు మేడమ్ అన్నారు. మానేస్తానన్నవాడు ఇవాళ లైబ్రరీలో కనిపించాడట. ఆ మాట చెబుతుంటే ఆయన మొహంలో ఒక కాంతి. ఈ పనిలో ఆ కాంతి కూడా ఉందని నేను మర్చిపోయాను. అలసిపోయి.

జూలై 28, ఆదివారం

కొంప మునిగినంత పనైంది.

పొద్దున్న బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీశాను. అత్తయ్య చెవులకి వినబడదు గానీ కళ్ళకి వినబడుతుంది. నా పెదాలు చూసి మురిసిపోయింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడు. హెడ్‌గారు, చేతిలో పళ్ళ సంచీ, నన్ను పరామర్శించడానికి.

ఆయన కూర్చున్నారో లేదో అత్తయ్య అందుకుంది. మా కోడలు పొద్దున్నుంచీ ఒకటే పాటలు బాబూ, ఎంత బాగా పాడుతుందో అని. చెవులు వినబడనివాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా. హెడ్‌గారు నావైపు చూశారు. అత్తయ్య వైపు చూశారు. తర్వాత మావారి చెవి దగ్గరికి వంగి, పాపం, పెద్దావిడకి ఎప్పట్నించి ఇలా ఉంటోంది అని అడిగారు.

మావారు లోపలికి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు.

ఆగస్టు 1

అన్ని పొట్లాలూ చూశాను. అన్నిట్లో అంచు సగంలోనే ఆగింది.

ఆగస్టు 2, శుక్రవారం

స్వాగతోత్సవం. గడియగారు అతిథులకి కుర్చీలు వేయించడం మర్చిపోయారు. ముఖ్య అతిథి పిల్లల బెంచీ మీద కూర్చుని, చాలా ఏళ్ళకి ఇలా కూర్చున్నానని సంబరపడిపోయాడు. బొకేలు లేవు, శాలువాలు లేవు. చెప్పిన వేళకి మొదలై చెప్పిన వేళకి అయిపోయింది. నేను చేసి ఉంటే అన్నీ సక్రమంగా ఉండేవి, ఇంత బాగుండేది కాదు.

నేను చివరి వరసలో కూర్చుని పేపరు ముందుమాట రాసుకున్నాను.

ఆగస్టు 5, సోమవారం

పొద్దున్న పేపరు పంపేశాను. మధ్యాహ్నం మీటింగ్.

పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఎవరు చూస్తారని హెడ్‌గారు అడిగారు. కళ్ళన్నీ నావైపు. ఫ్యాను ఉంది, చూడవచ్చు. చూడలేదు.

కుదరదండీ అన్నాను.

గది ఉలిక్కిపడింది. హెడ్‌గారు కుర్చీలోంచి లేచారు. అమ్మా, గొంతొచ్చిందా, ఎంత మంచి వార్త, చప్పట్లు కొట్టండయ్యా అన్నారు. అందరూ కొట్టారు. గొంతు వచ్చిన సంతోషంలో అది ఏమందో ఎవరూ వినలేదు. చప్పట్లు ఆగాక ఆయన, అయితే సమ్మేళనం మీరే కదా అన్నారు.

మళ్ళీ అన్నాను, కుదరదని. ఈసారి కూర్చున్నారు. కౌన్సెలింగ్ నేనే చూస్తాను, అది నాకిష్టం, మిగతావన్నీ అందరం వంతులు వేసుకుందాం, కొనుగోళ్ళ కమిటీలో నా వంతు కూడా ఉండాలి అన్నాను. గొంతు వణికింది. అది కాయల వల్ల కాదు.

కుర్ర లెక్చరర్, మీరైతే పిల్లలకి చనువు మేడమ్, ఇవన్నీ ఆడవాళ్ళు చేసినంత బాగా మాకెక్కడొస్తాయి అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు గడియగారు అందుకున్నారు. చనువు మనిషిని బట్టి రాదయ్యా, తలుపు తీసుంటే వస్తుంది, రాకపోతే నేర్చుకోవాలి, నేను కుర్చీలు మర్చిపోయి నేర్చుకున్నాను అన్నారు. వంతుల్లో నా పేరు రాయండి సార్ అని కూడా అన్నారు. వంతుల మాట నేను అన్నప్పుడు కదలని హెడ్‌గారి పెన్ను ఆయన అనగానే కదిలింది. అది చూశాను. దాని సంగతి ఇంకోసారి తేలుస్తాను. ఇవాళ్టికి పెన్ను కదలడమే కావాలి.

సమ్మేళనం కుర్ర లెక్చరర్‌కి పడింది. బొకేలు ఎక్కడ దొరుకుతాయని బయట నన్ను అడిగాడు. చెప్పబోయి, వెతుక్కో నాన్నా అన్నాను.

హెడ్‌గారు మాత్రం వదలలేదు. ఇంతకీ ఎప్పుడొచ్చిందమ్మా గొంతు అన్నారు. పాటల రోజుకే వచ్చేసిందండీ అన్నాను. ఆయన లెక్క కట్టుకున్నారు. మొహం ఎర్రబడింది. అయితే పెద్దావిడ శుభ్రంగానే ఉందన్నమాట అన్నారు.

ఆగస్టు 7

హెడ్‌గారు రెండు రోజులు అలిగి ఇవాళ మాట్లాడారు. మా అత్తయ్యకి నమస్కారాలు చెప్పమన్నారు.

సెప్టెంబర్ 12

కొనుగోళ్ళ కమిటీలో కూర్చున్నాను. కాఫీ బాగుంది. అరగంటలో అయిపోయింది. ఇన్నేళ్ళూ దీన్ని పెద్ద బాధ్యత అంటుంటే నమ్మాను.

అక్టోబర్ 9, బుధవారం

మెయిల్ వచ్చింది. పరిశీలకులిద్దరూ కొత్త జాతే అని ఒప్పుకున్నారు. చిన్న చిన్న దిద్దుబాట్లు. ముందు కుర్చీలోంచి లేచాను, తర్వాత ఎందుకు లేచానో తెలియక కూర్చున్నాను. గోడ తట్టాను. గడియగారు వచ్చారు. ఆయన గదిలో ఎవరో కుర్రాడు ఉన్నాడు, వాడూ వచ్చాడు. ముగ్గురం వంతులవారీగా మైక్రోస్కోపులో చూశాం. ఆ కుర్రాడు, ఇంత చిన్నదా మేడమ్ అన్నాడు. అవును, ఇంత చిన్నదే అన్నాను.

నవంబర్ 21

ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఆరేళ్ళుగా లేని పేపరు ఒక్క సెమిస్టర్లో ఎలా వచ్చిందని ఒకాయన అడిగారు. గొంతు పోయిందండీ అన్నాను. అందరూ నవ్వారు. నవ్వనిది బల్ల చివర కూర్చున్న ఒకావిడ మాత్రమే. తల పంకించి ఏదో రాసుకుంది.

నవంబర్ 29

ఆర్డర్ వచ్చింది. మావారు నా గది బోర్డు మీద పేరు ముందు ప్రొఫెసర్ అని చూడ్డానికి పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చారు. అత్తయ్యకి చేతులతో చెప్పాను. ఆవిడకి ప్రొఫెసర్‌కి గుర్తు తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి ఒకటి కనిపెట్టాం.

డిసెంబర్ 3

ఇవాళ మధ్యాహ్నం ఖాళీ దొరికింది. దేనికీ వాడలేదు.